ఓరుగల్లు మట్టిగోడ

రెండేళ్ళ క్రితం తొమ్మిదో తరగతి పిల్లలను ఓరుగల్లు కోటకు విహారయాత్రకు తీసుకువెళ్ళాను. కోటకు వచ్చే బస్సులన్నీ నేరుగా రాతితోరణాల దగ్గరికే పోయి ఆగుతాయి. నేను మాత్రం దారిలోనే ఒకచోట బస్సు ఆపించి, రోడ్డు పక్కన గడ్డి పెరిగిన దిబ్బ మీదికి అందరినీ ఎక్కించాను. ఎండ చురుక్కుమంటోంది, నీడ లేదు. పిల్లలకు విసుగు వచ్చింది. ఒక కుర్రవాడు ఉండబట్టలేక అడిగాడు:

"సార్, కోట ఎక్కడున్నది?"

"నువ్వు నిలబడ్డది కోటగోడ మీదేరా!"

వాడు ఒకసారి కాళ్ళకిందికి చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. "ఇది మట్టి కద సార్! మట్టితో గోడ కడితే శత్రువు ఆగుతడా?"

మంచి ప్రశ్న. ఆ రోజు ఎండలో నిలబడి వాడికి సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం చెప్పాలంటే కొంత చరిత్ర, కొంత రేఖాగణితం, కొంత భౌతికశాస్త్రం కావాలి. విద్యార్థులారా, ఆ పూర్తి జవాబు ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ఒంటిరాయి నగరం

కాకతీయులు మొదట హనుమకొండ నుంచి పాలించారు. అక్కడి వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. ఆయన కాలంలోనే పక్కనున్న ఓరుగల్లులో కొత్త నగరానికి పునాది పడిందంటారు. ఓరుగల్లు అంటే ఒంటిరాయి. 'కల్లు' అంటే రాయి అనే అర్థం ఇవాళ మనం మరిచిపోయాం గాని, మీ నాయనమ్మ పచ్చడి నూరే సన్నికల్లులో అది ఇంకా బతికే ఉంది. కోట లోపల ఒకే బండగా పైకి లేచిన నల్లరాతి గుట్ట ఉంది. సంస్కృతంలో ఈ ఊరిని ఏకశిలానగరం అన్నది దాన్ని చూసే.

1199 నుంచి 1262 వరకు పాలించిన గణపతిదేవుడు కొత్త రాజధానికి రాతిగోడ కట్టించాడు. ఆయన కుమార్తె రుద్రమదేవి 1262లో పాలన చేపట్టింది. ఆమె ఆ గోడ ఎత్తు పెంచింది, దానికి బయట కందకం తవ్వించి మట్టిగోడ పోయించింది. 1289లో ఆమె మరణించినట్లు నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం వల్ల తెలుస్తోంది. ఆమె తరువాత మనుమడు ప్రతాపరుద్రుడు రాజయ్యాడు. ఈ కోట పడ్డ కష్టాలన్నీ అతని పాలనలోనివే.

ఇప్పుడు కోట రూపురేఖలు చూద్దాం. నోటుపుస్తకం తీసి వృత్తలేఖినితో ఒక వృత్తం గీయండి. అది రాతిగోడ, దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. అదే కేంద్రం నుంచి రెండింతల వ్యాసార్థంతో మరో వృత్తం గీయండి. అది మట్టిగోడ; వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. ఈ రెంటికీ బయట, హనుమకొండను కూడా కలుపుకుంటూ, సుమారు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో ఇంకో మట్టికట్ట ఉండేది. దాన్ని గీయాలంటే మీ పుస్తకం చాలదు, వదిలేయండి. లోపలి రెండు గోడలకూ ముందు కందకాలున్నాయి. నట్టనడుమ స్వయంభూ శివాలయం. దానికి నాలుగు దిక్కులా నాలుగు రాతితోరణాలు. గుడి కూలిపోయింది, తోరణాలు మిగిలాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాష్ట్ర చిహ్నంలో చోటు పొందింది ఈ తోరణమే.

గుండ్రంగానే ఎందుకు?

మన ఊళ్ళో ఇళ్ళు, పొలాలు, బడి అన్నీ నలుచదరంగానే ఉంటాయి. మరి కోటను గుండ్రంగా ఎందుకు కట్టారు? లెక్క వేసి చూద్దాం.

మట్టిగోడ వ్యాసం 2.4 కిలోమీటర్లు కనుక చుట్టుకొలత 3.14 × 2.4, అంటే సుమారు 7.5 కిలోమీటర్లు. లోపలి వైశాల్యం సుమారు 4.5 చదరపు కిలోమీటర్లు. ఇంతే వైశాల్యం ఉన్న చతురస్రం కావాలంటే ఒక్కో భుజం సుమారు 2.13 కిలోమీటర్లు ఉండాలి. నాలుగు భుజాలూ కలిపితే 8.5 కిలోమీటర్లు. అంటే లోపల ఉన్న నేల అంతే, గోడ మాత్రం ఒక కిలోమీటరు ఎక్కువ! ఆ కిలోమీటరు పొడవునా మట్టి మోయాలి, కందకం తవ్వాలి, రాత్రీ పగలూ కాపలా కాయాలి. ఒకే వైశాల్యాన్ని చుట్టే ఆకారాలన్నిటిలోనూ చుట్టుకొలత తక్కువగా ఉండేది వృత్తానికే. ఇది మీ గణితం మాస్టారు నిరూపించి చూపగలరు, అడగండి.

మరో లాభం కూడా ఉంది. వృత్తంలో ఏ చోటైనా కేంద్రానికి సమాన దూరమే. నడుమ ఉన్న సైన్యం ఏ వైపు దాడి జరిగినా ఒకే సమయంలో అక్కడికి చేరుకోగలదు. వృత్తానికి మూలలు కూడా ఉండవు. మూల దగ్గర శత్రువు రెండు వైపుల నుంచి గోడను దెబ్బకొట్టగలడు.

రాతిగోడకు 45 బురుజులున్నాయి. ఒక్కో బురుజు కాపలా ఒక్కో నాయకుడి బాధ్యత అనీ, అలాంటి నాయకులు 77 మంది అనీ ఒక కథ ప్రచారంలో ఉంది. 77కూ 45కూ పొత్తు కుదరడం లేదు కదా! కథలు వినవలసిందే గాని, బురుజులు మాత్రం లెక్కపెట్టి చూసుకోవడమే మేలు. రాతిగోడ చుట్టుకొలత సుమారు 3.77 కిలోమీటర్లు. దాన్ని 45తో భాగిస్తే బురుజుకూ బురుజుకూ నడుమ సుమారు 84 మీటర్లు వస్తుంది. అంటే గోడకు నిచ్చెన వేయబోయే శత్రువు సరిగ్గా రెండు బురుజుల మధ్యలో నిలబడినా, చెరో పక్క బురుజు 42 మీటర్ల దూరంలోనే ఉంటుంది. విలుకాడికి అది చాలా తేలిక గురి. బురుజు గోడకంటే ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది కాబట్టి, దాని మీది వాడు గోడ అడుగున నక్కినవాణ్ణి కూడా పక్కనుంచి కొట్టగలడు.

రాతిగోడ లోపలివైపు మెట్లున్నాయి. గుళ్ళో మెట్లలాగా ఎక్కడో ఒకచోట కాదు, గోడ పొడవునా ఉన్నాయి. సైనికులు మెట్లదారి వెతుక్కుంటూ పరుగెత్తనక్కరలేదు. ఎక్కడ ఉన్నవాడు అక్కడే పైకి ఎక్కవచ్చు. నాకు ఈ మెట్లంటే తోరణాలకన్నా ఎక్కువ ఇష్టం. మా పిల్లలు మాత్రం వాటిమీద కూర్చుని పులిహోర తిన్నారు.

రాయి బలం, రాయి బలహీనత

రాతిగోడను పెద్ద పెద్ద రాతి దిమ్మెలతో కట్టారు. వాటి మధ్య సున్నం లేదు. మరి అవి జారిపోకుండా ఎలా నిలిచాయి? బరువు వల్ల, ఘర్షణ వల్ల. నల్లరాయి నీటికన్నా సుమారు 2.7 రెట్లు బరువైనది. 1 మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు ఉన్న ఒక్క దిమ్మె 675 కిలోలు తూగుతుంది. అలాంటి దిమ్మెలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటే వాటిని పక్కకు జరపడం ఎంత కష్టమో ఊహించండి.

అయితే రాయికి ఒక బలహీనత ఉంది. నొక్కితే అది ఎంత బరువైనా మోస్తుంది, కాని దెబ్బ కొడితే పగులుతుంది. రాళ్ళు కొట్టేవారిని ఎప్పుడైనా చూశారా? బండమీద వరుసగా చిన్న రంధ్రాలు తొలిచి, వాటిలో ఉలిచీలలు దిగగొట్టి, సుత్తితో ఒక్కొక్కదాని మీదా దెబ్బ వేస్తూ పోతారు. కొంతసేపటికి బండ గీత గీసినట్లు రెండుగా విచ్చుకుంటుంది. పగులు ఒకసారి మొదలైందంటే అది తనంతట తానే పాకుతుంది. గోడ కట్టడానికి ఉపకరించిన ఈ గుణమే గోడను పడగొట్టడానికీ ఉపకరిస్తుంది.

ఆ కాలంలో తుపాకీమందుతో పేల్చే ఫిరంగులు మన దేశపు యుద్ధాలలో ఇంకా రాలేదు. కోటలను కొట్టడానికి రాళ్ళు విసిరే పెద్ద యంత్రాలుండేవి. పొడవైన దూలాన్ని ఏతంలాగా నిలబెట్టి, ఒక కొసన రాతిగుండు పెట్టి, రెండో కొసను ఒక్కసారిగా కిందికి లాగితే గుండు గాలిలోకి లేచిపోతుంది. పొలంలో పిట్టలను తోలే వడిసెలకు ఇది పెద్దన్న అనుకోండి.

మట్టి ఏం చేస్తుంది?

ఇక అసలు సంగతికి వచ్చాం. ఒక రాతిగుండు బరువు 50 కిలోలనీ, అది సెకనుకు 40 మీటర్ల వేగంతో గోడను తాకిందనీ అనుకుందాం. దాని గతిజశక్తి ఎంత? ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేయాలి: ½ × 50 × 40 × 40 = 40,000 జౌళ్లు.

ఈ శక్తినంతా గోడే ఖర్చు చేయించాలి. అప్పుడే గుండు ఆగుతుంది. శక్తి అంటే బలాన్ని దూరంతో గుణించగా వచ్చేది అని చదువుకున్నాం కదా! రాతిగోడ లోపలికి పోనివ్వదు. గుండు 1 సెంటీమీటరు దూరంలోనే ఆగిపోయిందనుకుంటే, గోడమీద పడే బలం 40,000 ÷ 0.01 = 40 లక్షల న్యూటన్లు. మట్టిగోడ అలా కాదు, గుండును లోపలికి రానిస్తుంది. అది 50 సెంటీమీటర్లు దిగబడి ఆగిందనుకుంటే, పడే బలం 40,000 ÷ 0.5 = 80,000 న్యూటన్లు. గుండు అదే, వేగం అదే, శక్తి కూడా అదే. కాని బలం యాభయ్యో వంతుకు పడిపోయింది!

క్రికెట్ ఆటలో క్యాచ్ పట్టేటప్పుడు చేతులను వెనక్కు లాగుతూ ఎందుకు పట్టుకుంటారో ఇప్పుడు అర్థమైందా? మట్టిగోడ కూడా గుండును అలాగే 'పట్టుకుంటుంది'. మట్టికణాలు ఒకదానిమీద ఒకటి జారుతాయి, రాసుకుంటాయి. గుండులో ఉన్న శక్తి ఆ రాపిడిలో వేడిగా మారి పోతుంది. రాతిలో పాకినట్లు పగులు మట్టిలో దూరం పాకదు. గుంట పడుతుంది, అంతే. ఆ రాత్రి నలుగురు మనుషులు నాలుగు తట్టల మట్టి తెచ్చి పోసి, దిమ్మిసతో కొడితే తెల్లవారేసరికి గోడ ఎప్పటిలాగే ఉంటుంది. పగిలిన రాతి దిమ్మెను అలా ఒక్క రాత్రిలో మార్చగలమా?

దీన్ని మీరే చేసి చూడవచ్చు. ఒక పళ్ళెంలో నాలుగు వేళ్ళ మందాన బంకమట్టిని చపాతీపిండిలా మెదిపి పరవండి. అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల ఎత్తు నుంచి ఒకే గోళీని జారవిడవండి. పడ్డ గుంటల లోతును అగ్గిపుల్లతో కొలిచి గ్రాఫు గీయండి. తరువాత అదే ఎత్తు నుంచి ఒక సుద్దముక్కను సిమెంటు గచ్చుమీద, ఇసుకమీద వేసి చూడండి. ఎక్కడ ముక్కలైంది, ఎక్కడ కాలేదు? (మా పాఠశాలలో ఈ ప్రయోగానికి ఒక డబ్బా సుద్దముక్కలు అయిపోయాయి. మీరు నాలుగైదుతో సరిపెట్టుకోండి.)

అయితే మట్టికీ బలహీనతలున్నాయి. గడ్డపారతో తవ్వవచ్చు, వాన కోసేస్తుంది. మొదటిదానికి మందు కందకం. గోడ పునాది దాకా వచ్చి తవ్వాలంటే ముందు నీళ్ళు దాటాలి. ఆ కందకంలో తవ్విన మన్నే పక్కన పోస్తే గోడ అవుతుంది. ఒకే తవ్వకంతో రెండు పనులు! మన్ను మోయవలసిన దూరం కూడా కొద్ది అడుగులే. రెండోదానికి మందు వాలు. ఎండుమట్టిని కుప్ప పోస్తే అది ఒక హద్దు దాటి నిటారుగా నిలవదు, జారి ఒక వాలు దగ్గర ఆగుతుంది. ఆ వాలుకు తగ్గట్టు అడుగు వెడల్పుగా, పైన సన్నగా పోసి, గడ్డి పెరగనిస్తే గడ్డివేళ్ళు మట్టిని వలలాగా పట్టి ఉంచుతాయి. ఏడు వందల ఏళ్ళ వానలకు తట్టుకుని మా పిల్లల కాళ్ళకింద ఆ దిబ్బ ఇంకా ఉందంటే కారణం ఇదే.

మట్టి, ఇసుక, ఇటుక గుణాలు ఎరిగిన పనివాళ్ళు కాకతీయుల కాలంలో ఉండేవారనడానికి మరో సాక్ష్యం పాలంపేటలోని రామప్ప గుడి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు దాన్ని 1213లో కట్టించాడు. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీటిమీద తేలేంత తేలికైనవి. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాని దాని గురించి మరోసారి మాట్లాడుకుందాం, ఇప్పుడు కోటకు తిరిగి వద్దాం.

ఆరు వందల మీటర్ల రహస్యం

మీ నోటుపుస్తకంలోని బొమ్మను మళ్ళీ చూడండి. రాతిగోడ వ్యాసార్థం 600 మీటర్లు, మట్టిగోడ వ్యాసార్థం 1200 మీటర్లు. రెంటి మధ్య ఎడం 600 మీటర్లు. రాళ్ళు విసిరే యంత్రాలు ఎంత పెద్దవైనా ఆ కాలంలో 300 మీటర్లు దాటి విసరడం కష్టం. అంటే శత్రువు మట్టిగోడ బయట ఉన్నంతకాలం అతడి రాతిగుండు ఒక్కటి కూడా రాతిగోడను తాకలేదు. పగిలే గుణమున్న గోడను లోపల దాచి, పగలని గోడను ముందు నిలబెట్టారు. రెండు గోడలవి రెండు స్వభావాలు. కట్టినవాళ్ళు మనలాగా జౌళ్లలో, న్యూటన్లలో లెక్క వేసి ఉండరు. కాని ఏ పదార్థం ఏ దెబ్బకు ఎలా ప్రవర్తిస్తుందో వారికి బాగా తెలుసునని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ద్వారాల దగ్గర కూడా ఇదే తెలివి కనబడుతుంది. రాతికోట ద్వారంలోకి అడుగుపెడితే దారి నేరుగా లోపలికి పోదు. ఎదురుగా గోడ అడ్డం వస్తుంది. మలుపు తిరగాలి, ఆపైన ఇంకో మలుపు తిరగాలి. ఇప్పటికీ ఊరిదారి ఈ ద్వారాల గుండానే పోతోంది. ఎదురుగా వచ్చే ఆటోకు దారి ఇవ్వడానికి మా బస్సు డ్రైవరు తిట్టుకున్నాడు కూడా. ఈ వంకర దారి ఏనుగుల కోసం. కోట తలుపులను ఏనుగులతో గుద్దించి పగలగొట్టేవారు. 4,000 కిలోల ఏనుగు సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తి వస్తే దాని గతిజశక్తి 50,000 జౌళ్లు. ఇందాకటి రాతిగుండుకన్నా ఎక్కువే! మలుపులు తిరిగే ఏనుగు వేగం సెకనుకు 1 మీటరుకు తగ్గిందనుకోండి, శక్తి 2,000 జౌళ్లే. వేగం అయిదో వంతయితే శక్తి ఇరవై అయిదో వంతవుతుంది. ఆ కాస్త తలుపులు తట్టుకుంటాయి.

పరీక్ష

1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖిల్జీ పంపగా మాలిక్ కాఫూర్ పెద్ద సైన్యంతో ఓరుగల్లును ముట్టడించాడు. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో ఈ దండయాత్రను వర్ణిస్తూ ఒక గ్రంథం రాశాడు. అతడు శత్రుపక్షం వాడు. అయినా మట్టిగోడ గట్టితనాన్ని దాచలేదు. ఉక్కు బల్లెం దిగలేదనీ, యంత్రాల రాతిగుండ్లు దాన్ని ఏమీ చేయలేకపోయాయనీ రాశాడు. మా కుర్రవాడి ప్రశ్నకు ఇంతకన్నా మంచి సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

అయినా వారాల తరబడి ముట్టడి సాగింది. కందకాన్ని మట్టితో నింపారు. ఒకచోట ఎడతెగక కొట్టి గోడను దెబ్బతీశారు. చివరికి సైనికులు పైకెక్కి లోపలికి దూకారు. మట్టిగోడ చేజారిన తరువాత రాతిగోడ యంత్రాల అందుబాటులోకి వచ్చేసింది. ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి పంపాడు. 600 మీటర్ల లెక్క ఆయనకూ తెలుసునేమో!

ఇక ఆఖరి ముట్టడి. గియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుఘ్ ఖాన్ సైన్యంతో వచ్చాడు. తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అనే పేరుతో సుల్తానైనది ఇతడే. నెలలు గడిచినా కోట లొంగలేదు. ఈలోగా ఢిల్లీలో సుల్తాను చనిపోయాడని శిబిరంలో ఒక పుకారు పుట్టింది. సైన్యం చెల్లాచెదరై వెనక్కు పోయింది. శత్రువు పోయాడు, ఇక రాడు అనుకున్నారు ఓరుగల్లులో. పండుగ చేసుకున్నారు. రాజు ధాన్యాగారాలు తెరిపించి ప్రజలకు విందులు చేశాడు.

కొన్ని నెలలకే ఉలుఘ్ ఖాన్ కొత్త సైన్యంతో తిరిగి వచ్చాడు. గోడలున్నాయి, కందకాలున్నాయి. కాని గాదెలలో గింజలు లేవు.

ఇక్కడ కూడా ఒక లెక్క వేద్దాం. కోటలో 50,000 మంది ఉన్నారనుకోండి, మనిషికి రోజుకు అర కిలో బియ్యం. రోజుకు 25,000 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 500. ముట్టడి అయిదు నెలలు సాగింది. 150 రోజులకు 75,000 బస్తాలు కావాలి. బండికి పది బస్తాల చొప్పున 7,500 ఎడ్లబండ్లు! ఈ ధాన్యం పండేది ఎక్కడ? కాకతీయులు, వారి సామంతులు తవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల కింద. ఆ చెరువులన్నీ కోటకు ఎంతో దూరాన ఉన్నాయి. చుట్టూ శత్రువు దిగితే పొలం అటు, నోరు ఇటు. వృత్తం ఎంత చక్కగా గీసినా, లోపల ఉన్న 4.5 చదరపు కిలోమీటర్లలో ఒక నగరానికి సరిపడే వరి పండదు.

1323లో ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. ఆయనను బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదానది ఒడ్డున మరణించాడని తరువాతి శాసనాల వల్ల తెలుస్తోంది. స్వయంభూ దేవాలయాన్ని కూలగొట్టారు. నగరం పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. కొన్నేళ్ళకే ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి గెలుచుకున్నాడు గాని, అది వేరే కథ.

మట్టిగోడ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. ఓరుగల్లుకు చాలా దూరాన, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లోనూ ఒక మట్టికోట ఉంది. దాని పేరు లోహగఢ్, అంటే ఇనుపకోట! 1805లో ఆంగ్లేయ సేనాని లేక్ ఆ కోటమీద ఫిరంగులతో నాలుగుసార్లు దాడి చేశాడు. గుండ్లు మట్టిలో దిగబడి ఉండిపోయాయి. చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి మూడు వేల మందికి పైగా నష్టపోయి వెనుదిరిగాడు. చివరికి 1826లో ఆంగ్లేయులు ఆ కోటను పట్టుకున్నది ఎలాగో తెలుసా? గోడకింద సొరంగం తవ్వి, మందుగుండు పెట్టి పేల్చి. మట్టి బలహీనత తవ్వకమని ముందే చెప్పుకున్నాం కదా.

మళ్ళీ దిబ్బమీదికి

ఆ రోజు దిబ్బ దిగేముందు పిల్లలు ఒక విషయం కనిపెట్టారు. గోడ వాలులో ఒకచోట వాననీరు కోసిన గండి ఉంది. ఇంకొంచెం దూరాన ఎవరో పార వేసి మన్ను తీసుకుపోయిన గుంట ఉంది, తాజాగా. రాతితోరణం మీద ఒక చిన్న గీత పడితే నలుగురూ అడుగుతారు. దిబ్బలో మన్ను తవ్వుకుపోతే అడిగేవారెవరు? చూసేవారికి అది గోడ అని తెలియాలి కదా ముందు.

"సార్, ఈ గండి ఎంత లోతున్నదో కొలుద్దామా?" అన్నాడు ఇందాకటి కుర్రవాడే. టేపు లేదు. ఒక అమ్మాయి తన జడరిబ్బను విప్పి ఇచ్చింది. దానితో కొలిచి, ముడి వేసి గుర్తు పెట్టుకుని, బడికి వచ్చాక స్కేలు మీద పరిచి చూశాం. గండి పైభాగాన వెడల్పు 92 సెంటీమీటర్లు, లోతు 40. పోయిన ఏడు వెళ్ళలేకపోయాం. ఈ ఏడు వానాకాలం దాటగానే వెళ్ళి అదే చోట మళ్ళీ కొలవాలని అనుకున్నాం. వాడు ఇప్పుడు పదకొండో తరగతిలో వేరేచోట చదువుతున్నాడు, ఆదివారమైతే వస్తానన్నాడు. ఈసారి మాత్రం టేపు తెచ్చే పని తొమ్మిదో తరగతి వాళ్ళకు అప్పగించాను.